ఉడుముతోలు వేలితొడుగు

పదకొండో ప్రకరణం

నీడ లేని మనిషిని చూసినవాళ్ళు తామ్రగిరి నగరంలో తప్ప మరెక్కడా ఉండరు. ఆ మనిషి ఎవరో కాదు, శరభభూపతి ఒక్కగానొక్క కూతురు కువలయవల్లి. నెల్లాళ్ళ కిందట ఒక సాయంకాలం ఆమె కోట బురుజు మీద నిలబడి ఉండగా, ఆమె నీడ పొడుగ్గా సాగి, గోడ దాటి, బయటి బాట మీద పడింది. ఆ బాటన పోతున్న చాపలమ్మేవాడొకడు వంగి, నీడను అంచు పట్టుకుని ఎత్తి, చాపలో పెట్టి చుట్టేసి చక్కా పోయాడు. వాడు చాపలమ్మేవాడు కాడనీ, కప్పలమెట్ట మాంత్రికుడు భేకకంఠుడనీ తెలిసేసరికి వాడు మూడు కొండలు దాటిపోయాడు.

ఇక్కడ దాచకుండా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ చాపచుట్టను వాడి నెత్తికెత్తి సాయం పట్టింది మన కేతనే. కోట విలుకాళ్ళలో మేటి, బోయ సోమన్న కొడుకు, రాకుమారికి విల్లు పట్టడం నేర్పినవాడు. ఇంత లావు చుట్ట ఇంత తేలికేమిటా అని అతను ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. అనుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకున్న పాపానికి నెల్లాళ్ళుగా అతని కంటికి కునుకు లేదు, ముద్ద గొంతు దిగలేదు.

అక్కడ రాకుమారి ఒంటి బరువు రోజురోజుకీ తరిగిపోయింది. గాలికి ఎగిరిపోకుండా చెలికత్తెలు ఆమె కొంగుకు గులకరాళ్ళు కట్టారు. ఆమె ఎదుట నిలబడితే ఆమె వెనక ఉన్న గోడ కనబడసాగింది. ఆస్థాన జ్యోతిష్కుడు లెక్కలు కట్టి, తల పట్టుకుని, చెప్పలేక చెప్పాడు. సూర్యుడు నడినెత్తి మీదికి సూటిగా వచ్చే రోజు దగ్గరపడింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిలబడిన దేనికీ నీడ పడదు. ఎవరి నీడ ఎవరిదో భూదేవికే తెలియని గడియ అది. ఆ గడియ దాటేలోపు నీడ వాడి చెర వదలకపోతే అది ఆ దొంగవాడి సొంతమైపోతుంది, రాకుమారి కర్పూరంలా హరించుకుపోతుంది.

సరిగ్గా ఆ రోజు పొద్దున, మంచు ఇంకా విడవకముందే, కేతన కప్పలమెట్ట అడుగున ఒక గుడిసె ముందు గుర్రం దిగాడు.

ఆ గుడిసె వీరవ్వది. ఆమెకు ఒక కన్ను లేదు, ఉన్న కన్ను మాత్రం ఇద్దరి పని చేస్తుంది. ఆమె చేసేవి వేలితొడుగులు. రాజాస్థానాల్లో వాటినే అంగుళిత్రాణాలంటారు. ఏ పేరుతో పిలిస్తేనేం, నారి లాగే వేళ్ళు తెగిపోకుండా కాపాడేవి అవే. కానీ వీరవ్వ తొడుగులకు మరో గుణం ఉంది. వాటిని చీకట్లోనే కోసి చీకట్లోనే కుడుతుంది. కుట్టు పూర్తయ్యేదాకా వెలుతురు సోకనివ్వదు.

ఆ గుణం లేని తొడుగు కేతనకు అక్కరకు రాదు. రాకుమారి నీడను భేకకంఠుడు మెట్ట మీద రాతిస్తంభానికి కట్టేశాడు. ఆ కట్టును మామూలు బాణం తెంపలేదు, పొగలోంచి పోయినట్టు పోతుంది. తెంపగలిగేది భేకకంఠుడి సొంత విల్లు ఒక్కటే. దాని నారిని వాడు దొంగిలించిన నీడల పోగులతో పేనాడు. ఒట్టి వేలు దానికి తగిలిందా, తగిలినవాడి నీడ మరో పోగై అందులోకి పోతుంది. మేకతోలు తొడుక్కుంటే, చెమట ఊరినట్టు నీడ అందులోంచి ఊరిపోతుంది. అడ్డు నిలిచేవి వీరవ్వ తొడుగులే.

గుడిసెలో అడుగుపెట్టగానే కేతన చటుక్కున ఆగాడు. గోడ నిండా చేతులు. కొయ్యచేతులే, వేపచెక్కతో చెక్కినవే. కానీ గోళ్ళు, గీతలు, కణుపుల మీది ముడతలు, అన్నీ ఉన్నాయి. కొన్ని మణికట్టు దాకా ఉన్నాయి, కొన్ని మోచేతి దాకా. ఒకటి భుజం దాకా ఉంది. మూల మేకుకు రెండు వేళ్ళు మాత్రమే వేలాడుతున్నాయి. వాటన్నిటికీ వేలితొడుగులు తొడిగి ఉన్నాయి. ఒక చేతిని చూస్తుంటే పక్కచెయ్యి కొంచెం కదిలినట్టనిపిస్తుంది. తిరిగి చూస్తే ఏమీ లేదు.

వీరవ్వ పొయ్యి దగ్గర కూర్చుని చిన్న కొయ్యముక్కను కత్తితో గీస్తూంది. తల ఎత్తకుండానే, వచ్చిన పని తనకు తెలుసనీ, గోడ మీద ఉన్నవాటిలో ఒక్కటంటే ఒక్కటి ఎంచుకొమ్మనీ, తొడిగి చూసి పొద్దెక్కకముందే బయల్దేరమనీ చెప్పింది.

కేతనకు తొందర లేకపోలేదు. అయినా చేతులు చాచలేదు. గోడకు ఆనించిన తన విల్లు తీసి, బాణం లేకుండా నారిని చెవిదాకా లాగి, వదలకుండా మెల్లగా వెనక్కి దించాడు. అలా ముప్పైసార్లు. ఆ తరవాత చేతులు పొయ్యి సెగకు పట్టుకుని కూర్చున్నాడు. వీరవ్వ అప్పుడు తల ఎత్తింది.

"చలి కాచుకోడానికొచ్చావా నాయనా?"

"చల్లటి చేతికి తొడుగు కొలవకూడదవ్వా. నేను బాణం వెయ్యాల్సింది మిట్టమధ్యాహ్నం ఎండలో. అప్పటికి వేలు ఎంత ఉబ్బుతుందో అంతా ఉబ్బనియ్యి."

ముసలిది నోరంతా తెరిచి నవ్వింది. ఆ నోట్లో ఉన్నవి రెండే పళ్ళు.

"నీకు నేర్పినోడెవడో గానీ, సగం బాగానే నేర్పాడు."

మిగతా సగం ఏమిటని కేతన అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖాంతమయ్యేది. అడగలేదు. కుర్రతనం!

అతని కన్ను మొదట పడింది కెంపులు పొదిగిన బంగారు కట్టు మీద. బొటనవేలికి పెట్టుకునేది. గుడిసెలో ఉన్న ఆ కాస్త వెలుతురూ దాని మీదే వాలింది. కేతన దాని అంచు వెంట దారప్పోగు ఒకటి నడిపి చూశాడు. కెంపును పట్టి ఉంచే బంగారు పంటికి దారం తగులుకుంది. పైన పటారం, లోన లొటారం. దారాన్ని పట్టుకున్నది నారిని పట్టుకోదా? దాన్ని పెట్టి పక్కకు తిరిగాడు.

తరవాతది నల్లటి దున్నకొమ్ముతో చేసిన కట్టు. అద్దంలా నునుపు తేలింది. పొద్దున గుర్రం దిగిన చేతికైతే అచ్చంగా సరిపోయేదే. ఇప్పుడు కణుపు దగ్గర పట్టేసింది. పైగా లోపల చల్లగా, తడిగా ఉంది. పసిపిల్ల వేలిని చప్పరించినట్టు ఏదో మెల్లగా చప్పరించింది. కేతన దాన్ని లాగిపారేసినంత పని చేశాడు. వేలు బయటికొచ్చేసరికి దాని కొస తెల్లగా పాలిపోయి ఉంది.

మూడోది మూడు వేళ్ళకూ కలిపి తొడిగే దున్నతోలు తొడుగు. కోటగోడంత మందం. దాన్ని తొడుక్కుని, విల్లు పట్టి, కళ్ళు మూసుకుని నారిని తాకి చూశాడు. తాకాడో లేదో అతనికే తెలియలేదు. నారి ఎక్కడుందో తెలియని చెయ్యి బాణాన్ని ఎక్కడికి పంపుతుంది? అదీ వద్దనుకున్నాడు. జింకతోలుది మెత్తగా, హాయిగా ఉంది గానీ, దాని కుట్టు నారి ఒరిసే వైపుంది. రెండు బాణాలకు విడిపోయే సరుకు అది.

చివరికి మూలనున్న చేతి దగ్గర ఆగాడు. మణికట్టు దాకా ఉన్న ఆ చేతికి ఉడుముతోలు తొడుగుంది. పాతది. పొలుసులు పైకి, నునుపు లోపలికి. కుట్టు గోళ్ళవైపు. వేళ్ళ మొదటి మడత మీద నారి ఒరిసి ఒరిసి పడిన గాడి తిన్నగా, ఒకే లోతున ఉంది. ఎవరో గానీ గొప్ప విలుకాడే వాడి ఉంటాడు. కేతన మూడు వేళ్ళూ దూర్చాడు. లోపల అప్పటికే ఉన్న వేళ్ళేవో కాస్త సర్దుకుని చోటిచ్చినట్టనిపించింది.

అతనికి భయం వేసింది. భయం వేసినా తొడుగు మంచిదని చెయ్యి చెబుతూంది. నారిని తాకితే దాని పేట పేటా తెలిసింది. ఇదే కావాలన్నాడు.

"ఇట్టా ఇచ్చింది అట్టానే తేవాలి," అంది వీరవ్వ. "దానికున్నదేదీ తియ్యకు. లేనిదేదీ పెట్టకు."

కేతన తల ఊపి, ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి బయటపడ్డాడు. ముసలిది మళ్ళీ కొయ్యముక్క మీదికి వంగింది.

మెట్ట ఎక్కుతుంటే మంచు విడిపోయి ఎండ కాసింది. ఎండతోపాటే మొదలైంది కప్పకూత. పైన ఎక్కడో మడుగులో, పీకలోతు నీళ్ళలో నిలబడి భేకకంఠుడు జపం చేస్తున్నాడు. వాడి మంత్రమే కప్పకూత. బెక, బెక, బెక. మధ్యాహ్నమయ్యేదాకా వాడు నీళ్ళు వదిలి రాకూడదు. ఆ కూత ఆగితే గడియ వచ్చేసినట్టే.

సగం దూరం ఎక్కాక కేతన చేతిలో ఏదో తేడా కనిపించింది. అతను కుడివైపు బండ పట్టుకోబోతే తొడుగులోని వేళ్ళు ఎడమవైపు లాగాయి. మెల్లగానే లాగాయి, ముసలివాణ్ణి ఎవరో చెయ్యి పట్టి నడిపించినట్టు. కేతన ఆగి తొడుగు తీసి చూశాడు. నడిమివేలి కొసన, కనబడీ కనబడకుండా ఎర్రదారం ముడి ఒకటుంది.

చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా అనుకున్నాడు. తామ్రగిరి విలుకాళ్ళలో తరతరాల ఆచారం ఒకటుంది. తొడుగు సొంతదారు నడిమివేలి కొసన తన పేరున ఒక ముడి వేస్తాడు. ఆ తొడుగు మరొకరి చేతికి మారితే కొత్తవాడు ముందుగా ఆ ముడి విప్పాలి. తన ముడి వెయ్యాలంటే మాత్రం తొలి బాణం గురి తగలాలి. "పాతవాడి ముడి ఉన్నంతకాలం చెయ్యి నీదిరా, గురి వాడిది," అని సోమన్న కొడుక్కు వెయ్యిసార్లు చెప్పాడు. సోమన్న పోయిన పదకొండోనాడు తండ్రి తొడుగు ముడిని ఏడుస్తూ విప్పింది కేతనే.

ఏదీ తియ్యకని అవ్వ చెప్పిన మాట అతనికి గుర్తు రాకపోలేదు. కానీ ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు ముందు గంట కిందట విన్న మాట ఏపాటిది? పంటితో కొరికి లాగాడు. ముడి పసిపిల్లవాడి పాలపన్నులా ఊడి వచ్చింది. తొడుగులోంచి ఎవరో నిట్టూర్చారు. ఆ తరవాత వేళ్ళు అతను చెప్పిన మాట విన్నాయి.

ముడి ఉన్నచోట సూదిమొన పట్టేంత బెజ్జం మిగిలింది. కేతన అజాగ్రత్త మనిషేం కాదు. నారికి పూసే మైనం ఎప్పుడూ మొలలో ఉంటుంది. గోటితో ఇంత గిల్లి, బెజ్జంలో కూరి, నున్నగా అదిమాడు. వెతికినా కనబడకుండా కుదిరింది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

మెట్ట పైభాగాన తెల్లటి సున్నపురాతి బయలు. ఆ బయలు మీద కుక్కలు పరుగెడుతున్నాయి. ఒళ్ళు లేని కుక్కలు, నీడలు మాత్రమే. చప్పుడు లేకుండా నేల మీద నల్లగా పారుతున్నాయి. అవి మనిషిని కరవవు, మనిషి నీడను కరుస్తాయి. కేతన బయలు మీద కాలు పెట్టగానే ఏడు కుక్కలూ చెవులు నిక్కించాయి. పొద్దింకా నడినెత్తికి రాలేదు, అతని నీడ మూరెడు పొడుగుంది. అతను పరుగందుకున్నాడు. ఒకటి అతని నీడ మడమ అందుకుంది. కాలికి గాయం లేదు, చుక్క నెత్తురు లేదు, కానీ మోకాలి కింద కాలు మొద్దుబారిపోయింది. కుంటుతూ కుంటుతూ పెద్ద బండ పంచకు చేరి దాని నీడలో దూరాడు. బండ నీడలో తన నీడ కలిసిపోయింది. కుక్కలు చుట్టూ తిరిగి, మూతులు నేలకు రాసి, ఏది ఎవరిదో తెలియక నిలిచిపోయాయి. పొద్దు ఎక్కేకొద్దీ అవీ చిక్కిపోయి, పిల్లులంతై, ఎలుకలంతై, రాళ్ళ కిందికి జారుకున్నాయి.

అప్పుడు కేతన బయటికొచ్చి చూశాడు. ఎదుట రెండు రాతికొక్కేల మీద భేకకంఠుడి విల్లు ఉంది. నల్లటి వెదురు, ఆ చివరి నుంచి ఈ చివరికి చీకటి గీత గీసినట్టు నారి. దగ్గరికెళితే దానిలోంచి గుసగుసలు వినిపించాయి. ఒక ఆడమనిషి గొంతు, ఒక ముసలాయన దగ్గు, ఎవరో పిల్లాడు అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. లోయకు అవతల, నూరు బారల దూరంలో రాతిస్తంభం. దానికి జడ కొసతో కట్టేసి, ఆరేసిన నల్లచీరలా వేలాడుతూంది కువలయవల్లి నీడ. పొద్దు పైకొచ్చేకొద్దీ అది పొట్టిదైపోతూంది. అతన్ని చూసి అది చెయ్యెత్తింది. మోచెయ్యి కాస్త లోపలికి వంచి ఎత్తడం రాకుమారికి అలవాటు. విల్లు పట్టేటప్పుడు అలా వంచవద్దని కేతన ఎన్నిసార్లు కోప్పడ్డాడో. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎండ నిప్పులు చెరుగుతూంది. వేళ్ళు ఉబ్బి తొడుగు నిండా బిగుసుకున్నాయి. పొద్దున కొలిచినట్టే, వెంట్రుకవాసి ఎక్కువా లేదు తక్కువా లేదు. కేతన తన పొదిలోంచి బాణం తీసి సంధించాడు. నారిని తాకగానే గుసగుసలు గప్‌చుప్‌. లాగాడు. ఎంతమంది బరువో ఆ నారిలో! భుజం విరిగిపోయేంత బరువు. ఉడుముతోలు చెక్కుచెదరలేదు.

బెక, బెక, బెక... బెక.

కూత ఆగింది.

కేతన వదిలాడు. నారి మూడు వేళ్ళ మీదినుంచి దొర్లి, అందరు విలుకాళ్ళకూ దొర్లినట్టే, చివరగా నడిమివేలి కొసను ఒరుసుకుంటూ పోయింది. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. అతను పట్టించుకోలేదు. అతని చూపంతా బాణం మీదుంది. బాణం లోయ దాటి, స్తంభాన్ని రాసుకుని, జడకొస దగ్గర కట్టును తెంపింది. నీడ జారి నేల మీద పడి, ఒక్క క్షణం తడబడి, లేడిలా తామ్రగిరి వైపు పరుగు తీసింది. చేలు, వాగులు, దిబ్బలు దాటి పోతున్న ఆ నల్లచుక్కను చూసి కేతన గట్టిగా నవ్వాడు. నెల్లాళ్ళ తరవాత నవ్వడం అదే.

వెనక మడుగులో నీళ్ళు కదిలాయి. బోడిగుండు ఒకటి, ఉబ్బిన గొంతు ఒకటి పైకొచ్చాయి. కేతన విల్లు వదిలేసి కుంటుతూనే పరుగెత్తాడు. బయలు దాటి, బండలు దూకి, సగం దూరం దిగాక గానీ వెనక్కి చూడలేదు. భేకకంఠుడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. తరమడం లేదు, తిట్టడం లేదు. వంగి విల్లు తీసుకుని, నారి మీద వేలు నడుపుతూ, కొత్తగా వచ్చిందేదో వెతుక్కుంటున్నాడు.

గుడిసె చేరేసరికి పొద్దు కాస్త వాలింది. లోకానికి నీడలు తిరిగొచ్చాయి. వీరవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. తొడుగు తిరిగిద్దామని కేతన చెయ్యి చాచాడు. గుమ్మం మట్టి మీద అతని చేతి నీడ పడింది. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. నడిమివేలి చోట ఎండ పడుతూంది.

కేతన తొడుగు తీసి చూసుకున్నాడు. వేలు ఉండవలసిన చోటే ఉంది. కానీ చల్లగా, చెక్కలా ఉంది. తొడుగు కొసన బెజ్జం తెరుచుకుని ఉంది. దాని కింద కరిగి కారిన మైనం సన్నటి చారకట్టింది. మధ్యాహ్నపు ఎండకు వేలు ఉబ్బుతుందని పొద్దున్నే కొలిచిన మొనగాడికి, అదే ఎండకు మైనం కరుగుతుందని తోచలేదు. ఎంత సిగ్గుపడ్డాడో చెప్పలేం.

"ముడి విప్పావా?" అంది వీరవ్వ.

"విప్పానవ్వా."

"విప్పకుండా వచ్చిన విలుకాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు నాయనా. అందరికీ చెబుతాను, ఏదీ తియ్యకని. గురువు చెప్పింది చెవికెక్కినట్టు ముసల్ది చెప్పింది ఎక్కదు మీకు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు."

ఆమె ఒళ్ళో పొద్దున గీస్తూ కూర్చున్న కొయ్యముక్క ఉంది. ఇప్పుడది పూర్తయింది. ఒక్క వేలు. నడిమివేలు. గోటి పక్కన కేతనకు చిన్నప్పుడు కత్తి తగిలిన గాటుతో సహా. గోడ మీది చేతులెవరివో, కొన్ని మణికట్టు దాకానూ కొన్ని భుజం దాకానూ ఎందుకున్నాయో అతనికి అప్పుడు అర్థమైంది.

పైన మెట్ట మీద టంగుమని నారి మోగింది. కేతన నడిమివేలు దానంతటదే వంగింది, ఇటు రమ్మన్నట్టు.

ఆ వేలు ఇవాళ్టిదనీ, రేపటికి చెయ్యి పోతుందనీ, ఎల్లుండికి భుజమనీ వీరవ్వ నెమ్మదిగా చెప్పింది. తెచ్చుకునే దారి ఒకటే. పొద్దుగూకేలోగా వెనక్కి వెళ్ళి, నారిలో కలిసిన తన పోగును తనే వెతికి లాగెయ్యాలి.

కేతన తొడుగు మళ్ళీ తొడుక్కోబోయాడు. ముసలిది అతని చెయ్యి పట్టుకుంది.

"ఇదిక పనికిరాదు. తోలు అడ్డముంటే నీ పోగేదో, పరాయిదేదో నీకెట్టా తెలుస్తుంది? ఉత్త చేత్తోనే పట్టాలి."

"అంటే మిగతా వేళ్ళు?"

వీరవ్వ గోడ వైపు చూసింది.

మళ్ళీ టంగుమంది. వేలు మళ్ళీ వంగింది. కేతన తొడుగును ఆమె ఒళ్ళో పెట్టాడు. తప్పిపోతాడేమోనని పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు కుడిచేతి వేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుంటుకాలితో మెట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. వీరవ్వ కొయ్యవేలిని గోడకు తగిలించలేదు, పొయ్యిలోనూ వెయ్యలేదు. కత్తిని కాళ్ళ దగ్గర పెట్టుకుని, అతను పోయిన దారికేసి చూస్తూ గుమ్మంలోనే కూర్చుంది.